గొట్టంలో మెలిక: భర్మార్ నుంచి .303 దాకా మన అడవి చూసిన తుపాకులు

ఇది కొంచెం పెద్ద పోస్ట్. మధ్యలో లెక్కలు కూడా ఉన్నయి. తీరిక ఉన్నప్పుడు చదవండి.

జోడేఘాట్ పోయి వచ్చిన ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతనే ఉంటరు: "అన్నా, భీం దాదా దగ్గర కూడా తుపాకులు ఉండె గదా, మరి ఎందుకు ఆగలేకపోయిన్రు?" దీనికి మనం చెప్పుకునే జవాబులు రెండు. వాళ్ళు ఎక్కువమంది అనేది ఒకటి. వాళ్ళవి పెద్ద తుపాకులు అనేది ఇంకొకటి. మొదటిది నిజమే. రెండోది మాత్రం తప్పు. ఆ కాలపు సర్కారు రైఫిల్ గుండు మన భర్మార్ గుండు కన్నా సన్నది. తేడా గుండు సైజులో లేదు, గొట్టం లోపల ఉన్నది. ఆ గొట్టం లోపలి సంగతే ఇయ్యాల చెప్తున్న. ఎందుకంటే దాని వెనుక నూరేండ్ల రాజకీయం ఉన్నది. మనం తుపాకీ చరిత్ర అంటే ఎవరు ఎవరిని కాల్చిన్రు అన్నంత వరకే చదువుతం. ఎవరికి ఎట్లాంటి గొట్టం ఇచ్చిన్రు, ఎవరికి ఇయ్యలేదు అనేది చదవం.

ముందు బాణం నుంచి మొదలుపెడదాం. బాణం తోకకు ఈకలు ఎందుకు కడతం? ఈకలు గాలిని పట్టి తోకను వెనక్కి లాగి పట్టుకుంటయి. అందుకే మొన ముందుకే ఉంటది. ఈకలు ఊడిన బాణం వేసి చూడండి, గాలిలో అడ్డం తిరుగుతది. తుపాకీ గుండుకు ఈకలు కట్టలేం. మరి అది తిన్నగా పోవాలంటే ఎట్ల? బొంగరం జవాబు చెప్తది. ఊరికే నిలబెడితే పడిపోయే బొంగరం, తిరుగుతున్నంత సేపు నిలబడతది. గుండును కూడా గొట్టంలోనే తిప్పి బయటికి పంపితే మొన ముందుకే ఉంటది. దానికోసం గొట్టం లోపలి గోడకు మెలికలు తిరిగే గాడులు కోస్తరు. గుండు ఆ గాడులను పట్టుకుని, మరమేకు తిరిగినట్టు తిరుగుతూ బయటపడతది. రైఫిల్ అనే పేరే ఆ గాడుల నుంచి వచ్చింది. గాడులు లేని నున్నటి గొట్టం తుపాకీ మస్కెట్. మన భర్మార్ కూడా ఆ జాతిదే.

భర్మార్ అంటే నింపేది అని అర్థం. మూతి నుంచి మందు పోసి, గుడ్డపీలిక పెట్టి, ఇనుప చువ్వతో దట్టించి, గుండు వేసి, మళ్ళా దట్టించి, వెనుక టోపీ పెట్టి పేల్చాలె. గుండు అంటే కరిగించి పోసిన సీసం కావచ్చు, ఇనుప ముక్క కావచ్చు, తర్వాతి కాలంలో సైకిల్ బాల్స్ కూడా. గొట్టానికి సరిగ్గా సరిపోయే గుండు ఎప్పుడూ దొరకదు కాబట్టి కొంచెం వదులు గుండే వేస్తరు. అది గొట్టంలో ఇటు గోడకు, అటు గోడకు తగులుతూ పోతది. చివరిసారి ఏ గోడకు తగిలిందో దాన్ని బట్టి దాని దారి. యాభై, అరవై గజాల దాకా గురి ఉంటది. నూరు గజాలు దాటినంక తగిలితే అదృష్టం. పొదల చాటున నీళ్ళకు వచ్చే దుప్పికి ఆ యాభై గజాలు చాలు. మన వేట అంతా దగ్గరి వేట, కాపు కాసి చేసే వేట. భర్మార్ ఆ పనికి చేసుకున్న వస్తువే గాని యుద్ధానికి చేసుకున్నది కాదు.

ఇక్కడ ఒక పక్కమాట. మన దగ్గర ఉక్కు లేక, పనితనం లేక గిట్లయింది అనుకోవద్దు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవాళ్ళు. ఆ ఉక్కుకు ఖనిజం మెట్‌పల్లి, నిర్మల్ దగ్గరి దిండుర్తి గుట్టల నుంచి పోయేదని 1832లో అచ్చయిన వోయ్‌సీ వ్యాసంలో ఉన్నది. డమాస్కస్ కత్తి అని లోకం మెచ్చుకున్న ఉక్కులో మన కరీంనగర్, ఆదిలాబాద్ మట్టి ఉన్నదన్నట్టు. లేనిది ఉక్కు కాదు, వేల గొట్టాలకు ఒకే కొలతలో గాడి కోసే ఫ్యాక్టరీ.

ఇంగ్లీషోళ్ళకు ఆ ఫ్యాక్టరీ ఉన్నది, కాని వాళ్ళకూ ఒక చిక్కు ఉండె. గాడులు ఉన్న గొట్టంలోకి గుండు బిర్రుగా పోవాలె, లేకపోతే గాడిని పట్టదు. బిర్రుగా ఉంటే మూతి నుంచి దింపడానికి సుత్తితో కొట్టాలె. యుద్ధంలో అంత టైం ఎవరు ఇస్తరు? 1849లో మినియె అనే ఫ్రెంచి అధికారి దారి చూపిండు. గుండును పొడుగ్గా చేసి అడుగున గుంట పెట్టిండు. వదులుగానే లోపలికి జారుతది. పేల్చినప్పుడు మందు వేడిగాలి ఆ గుంటలోకి తన్ని సీసాన్ని వెడల్పు చేస్తది, అప్పుడు గాడి పడతది. ఈ ఉపాయంతోనే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వచ్చింది. గొట్టం వెడల్పు 0.577 అంగుళం, మూడు గాడులు, గుండు 530 గ్రెయిన్లు. మనకు గ్రెయిన్ లెక్క అలవాటు లేదు కాబట్టి తులాల్లో చెప్పుకుందాం. పాత తులం 180 గ్రెయిన్లు. అంటే ఆ గుండు దాదాపు మూడు తులాల సీసం.

1857 తిరుగుబాటుకు నిప్పు పెట్టింది ఈ రైఫిలే. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాల కథ స్కూల్లో అందరం చదివినం. కాని ఆ కొవ్వు ఎందుకు పూసిన్రో పుస్తకంలో ఉండదు. గాడుల్లో మందు మసి పేరుకుంటే గుండు దిగదు, అందుకే తూటా కాగితానికి కొవ్వు పూసిన్రు. పాత నున్న గొట్టం మస్కెట్లకు ఈ బాధ ఇంతగా లేకుండె. అంటే మీరట్‌లో పుట్టిన మంటకు వేరు ఆ మూడు గాడుల్లో కూడా ఉన్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్త. తిరుగుబాటు అణిగినంక బ్రిటిష్ సర్కారు నేర్చుకున్న పాఠం ఏంది? ఫిరంగులు తెల్ల సైనికుల చేతిలోనే ఉంచుకున్నది. అది చాలామందికి తెలుసు. అంతకన్నా తెలివైన పని ఇంకోటి చేసింది. భారతీయ సిపాయిల కోసం అదే ఎన్‌ఫీల్డ్‌ను గాడులు లేకుండా, 0.656 అంగుళాల నున్న గొట్టంతో చేయించింది. చూడ్డానికి అదే తుపాకీ, అదే కట్టె, అదే బరువు. పక్కపక్కన నిలబడితే తేడా కనపడదు. లోపల చూస్తే తెల్ల సైనికుడిది మెలిక గొట్టం, మనోడిది నున్న గొట్టం. ఒకే సర్కారు సిపాయిల మధ్యనే ఇంత అనుమానం ఉంటే, ఇగ అడవిలో ఉన్న మనగురించి ఏం ఆలోచించి ఉంటరో ఊహించుకోండి. నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయన వెంట ఉన్నోళ్ళను మర్రికి ఉరితీసింది కూడా ఈ ఏండ్లలోనే. 1860 అని మనం స్మరించుకుంటున్నం, వెయ్యి ఉరుల మర్రి అంటే ఆ చెట్టే.

ఆ తర్వాత నలభై ఏండ్లు ఇదే పద్ధతి నడిచింది. తెల్ల సైనికులకు కొత్త తుపాకీ వస్తే, వాళ్ళ పాతది భారతీయ సైనికులకు. వాళ్ళకు మార్టినీ-హెన్రీ వస్తే మనోళ్ళకు స్నైడర్. వాళ్ళకు .303 వస్తే మనోళ్ళకు మార్టినీ. ఎప్పుడూ ఒక తరం వెనుక.

సరే, ఈ తరాల మధ్య మారింది ఏందో చూద్దాం. ఇక్కడ లెక్క ఉన్నది, భయపడకండి, పదో తరగతి లెక్క కూడా కాదు.

మెలికను ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు అని కొలుస్తరు. 1853 ఎన్‌ఫీల్డ్‌లో 78 అంగుళాలకు ఒక చుట్టు. దాని గొట్టం 39 అంగుళాలే, అంటే గుండు బయటికి వచ్చేలోపు అరచుట్టు తిరుగుతది. 1871 మార్టినీ-హెన్రీలో 22 అంగుళాలకు ఒక చుట్టు, గుండు 480 గ్రెయిన్లు, అంటే రెండున్నర తులాల పైమాట. 1888లో లీ-మెట్‌ఫర్డ్, 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ వచ్చినయి. రెంటికీ .303 గొట్టమే, 10 అంగుళాలకు ఒక చుట్టు, గుండు 215 గ్రెయిన్లు. 1910లో గుండును ఇంకా తగ్గించి 174 గ్రెయిన్లు చేసిన్రు. అది తులం కూడా కాదు.

చూసిన్రా? మూడు తులాల నుంచి తులానికి పడిపోయింది గుండు. మెలిక మాత్రం బిగుసుకుంటూ పోయింది. ఎందుకు?

వుల్‌విచ్‌లో లెక్కలు చెప్పే గ్రీన్‌హిల్ అనే ప్రొఫెసర్ 1879లో దీనికి ఒక సూత్రం కట్టిండు. గుండు వెడల్పును దానితోనే హెచ్చవేయాలె. వచ్చినదాన్ని 150తో హెచ్చవేసి, గుండు పొడవుతో భాగించాలె. వచ్చిన అంగుళాలకు ఒక చుట్టు ఉంటే గుండు తిన్నగా పోతది. మార్టినీ గుండు వెడల్పు 0.45, పొడవు సుమారు ఒకటింపావు అంగుళం. లెక్క వేస్తే 24 వస్తది. గొట్టంలో ఉన్నది 22, కొంచెం ఎక్కువే బిగించిన్రు. .303 గుండు పొడవు కూడా దాదాపు అంతే, ఒకటింపావు. కాని వెడల్పు 0.311 మాత్రమే. లెక్క వేస్తే పదకొండున్నర వస్తది. గొట్టంలో ఉన్నది 10. పొడవు ఒక్కటే అయినా సన్నగా ఉన్నదాన్ని ఇంకా జోరుగా తిప్పాలన్నమాట. పొట్టి లావు బొంగరం మెల్లగా తిరిగినా నిలబడతది, సన్నటి పొడుగు బొంగరానికి తాడు గట్టిగా గుంజాలె.

ఇంకొక సంగతి ఈ సూత్రంలో దాక్కుని ఉన్నది. ఇందులో బరువు ఎక్కడా లేదు, పొడవే ఉన్నది. బరువు గుండుకు బిగువు మెలిక కావాలె అని వేటగాళ్ళు చెప్పే మాట పూర్తిగా తప్పు కాదు. ఒకే వెడల్పులో బరువు పెరిగితే పొడవు పెరుగుతది గదా. కాని అసలు కారణం పొడవు. దీనికి 174 గ్రెయిన్ల గుండే రుజువు. 215 నుంచి 174కు బరువు తగ్గినా పొడవు తగ్గలేదు. మొన లోపల సీసం బదులు అల్యూమినియం పెట్టిన్రు. పొడవు మారలేదు కాబట్టి అదే పది అంగుళాల మెలిక దానికీ సరిపోయింది, లక్షల గొట్టాలు మార్చే పని తప్పింది.

తిరిగే వేగం కూడా చూడండి. .303 గుండు మూతి నుంచి సెకనుకు దాదాపు 2,440 అడుగుల వేగంతో పోతది. పది అంగుళాలకు ఒక చుట్టు చొప్పున సెకనుకు 2,900 చుట్లకు పైగా. మార్టినీ గుండు సెకనుకు 730 చుట్ల చిల్లర. భర్మార్ గుండుకు లెక్కేలేదు. గొట్టం గోడకు ఎటు రాసుకుంటే అటు తిరుగుతది.

ఇప్పుడు జోడేఘాట్ వద్దాం. 1940. పన్నెండు గూడేల భూమి కోసం మొదలైన పోరు, జల్ జంగల్ జమీన్. కొండ మీద కుమ్రం భీం, ఆయన మనుషులు. వాళ్ళ దగ్గర కొన్ని భర్మార్లు, బల్లేలు, కత్తులు, విల్లంబులు అని మన పెద్దలు చెప్తరు. కొండ ఎక్కి వచ్చింది సాయుధ పోలీసు బలగం. ఆ కాలంలో ఈ దేశంలో సాయుధ బలగాల రైఫిల్ అంటే పాత మార్టినీ రకం, లేదా లీ-ఎన్‌ఫీల్డ్. ఏదైనా గానీ, 200 గజాల దూరంలో మనిషిని గురిచూసి కొట్టడం వాటికి మామూలు పని. భర్మార్‌కు ఆ దూరం అందదు. ఇంకో పక్క, భర్మార్ ఒకసారి పేల్చి మళ్ళా నింపేలోపు పది తూటాల లీ-ఎన్‌ఫీల్డ్ ఖాళీ అయి మళ్ళా నిండుతది. భీం, ఆయనతోపాటు పదిమందికి పైగా అక్కడ నేలరాలిన్రు.

అందుకే "మన దగ్గర కూడా తుపాకులు ఉండె" అనే మాట వింటే నాకు కొంచెం ఇబ్బంది అనిపిస్తది. తుపాకీ అనే ఒక్క పేరు కింద రెండు వేరే వేరే వస్తువులను కలిపేస్తున్నం. భర్మార్ పట్టుకుని రైఫిల్ ముందు నిలబడ్డ మనిషికి ఆ తేడా తెలియదని కూడా అనుకోవద్దు. వేట మీద బతికినోడికి ఏ గొట్టం ఎంత దూరం కొడతదో మనకన్నా బాగా తెలుసు. సర్కారు షికారీలను దగ్గరి నుంచి చూసినోళ్ళు వాళ్ళు. తెలిసే నిలబడ్డరు. జోడేఘాట్ తర్వాత ఇక్కడికి వచ్చిన హైమన్‌డార్ఫ్ 1945లో అచ్చయిన తన 'ట్రైబల్ హైదరాబాద్'లో మన భూమి బాధలన్నీ రాసిండు. చదవనోళ్ళు చదవండి. తుపాకుల గురించి కాదు, వాళ్ళు అక్కడిదాకా ఎందుకు వచ్చిన్రో తెలవడానికి.

అల్లూరి ఈ సంగతి ముందే గ్రహించిండు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా పడ్డది ఆయుధాల కోసమే. 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు దొరికినయి. కాని గొట్టానికి సరిపోయే తూటా ఫ్యాక్టరీ నుంచే రావాలె. సీసం కరిగించి పోసుకుంటే భర్మార్‌కు నడుస్తది, రైఫిల్‌కు నడవదు. ఆ తూటాలు అయిపోతే రైఫిల్ దుడ్డుకర్రే.

సర్కారుకు కూడా ఇదే భయం. అందుకే వేట రైఫిళ్ళ మీద కూడా కన్ను వేసింది. సైన్యం దగ్గర ఉన్న తూటా పౌరుల రైఫిల్‌లో పేలకూడదు, ఎందుకంటే దొంగిలించిన తూటా తిరుగుబాటుదారు చేతికి పోవచ్చు. .303ను పౌరులకు బంద్ చేసిన్రు. మార్టినీ .450 వెడల్పు కాబట్టి 1907లో ఆ వెడల్పు షికారు రైఫిళ్ళను కూడా ఇండియాలోకి రానియ్యలేదు. లండన్ తుపాకీ కంపెనీలు ఆ ఏడే .470, .465 లాంటి కొత్త కొలతలు పుట్టించి రాజులకు, దొరలకు అమ్ముకున్నయి. ఆ దొరల షికారు ఏమాత్రం ఆగలేదు. కొలత మారింది అంతే.

జింకల వేటకు .303 బదులు వచ్చిందే .315. ఆస్ట్రియా మన్లిహర్ సైనిక తూటాను తీసుకుని దానికి రైఫిల్ కట్టిన్రు. మన్లిహర్ మెలిక 250 మిల్లీమీటర్లకు ఒక చుట్టు, అంటే అదీ దాదాపు పది అంగుళాలే. గుండు 244 గ్రెయిన్లు, తులంన్నరకు కొంచెం తక్కువ. బరువు ఎక్కువ, వేగం తక్కువ, మొన గుండ్రం. చుక్కల దుప్పికి, కణితికి, అడవిపందికి అది సరిపోయే జోడీ అని షికారీల మాట. స్వాతంత్ర్యం వచ్చినంక కూడా బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ దాన్నే చేసింది. ఇప్పటికీ దేశంలో లైసెన్సు రైఫిల్ అంటే ముందు గుర్తొచ్చేది .315. ఎక్కడో ఆస్ట్రియా కొలత మన పట్నాల్లో బ్యాంకు గార్డు భుజానికి ఎట్ల వచ్చిందంటే, 1857 భయం తోలుకొచ్చింది.

మెలిక, గుండు కుదరకపోతే ఏమైతదో చెప్పే అసలు కథ మాత్రం అమెరికాది. 1955లో రెండు కంపెనీలు ఒకే వెడల్పు గుండుతో పోటీపడ్డయి. వించెస్టర్ తన .243కు పది అంగుళాల మెలిక ఇచ్చి 100 గ్రెయిన్ల గుండు అమ్మింది. రెమింగ్టన్ తన .244కు పన్నెండు అంగుళాల మెలిక ఇచ్చి 90 గ్రెయిన్ల దగ్గర ఆగింది. నిజానికి .244 తూటాలో మందు కొంచెం ఎక్కువే పడతది. అయినా జింకల వేటగాళ్ళు నూరు గ్రెయిన్ల గుండు అడిగిన్రు. పన్నెండు అంగుళాల మెలికలో అంత పొడుగు గుండు నిలుస్తదన్న నమ్మకం వాళ్ళకు కలగలేదు. .243 ఇండ్లల్లోకి పోయింది, .244 షాపుల్లో మిగిలింది. 1963లో రెమింగ్టన్ తొమ్మిది అంగుళాల మెలికతో, పేరు మార్చి మళ్ళా తెచ్చింది గాని అప్పటికి ఆలస్యమైంది. రెండు అంగుళాల మెలిక తేడా ఒక తుపాకీని ముంచింది.

ఇంకొక ముక్క. .303 గట్టి తొడుగు గుండు మనిషి నుంచి సూదిలాగా దూసుకుపోతున్నది, పడిపోవడం లేదని 1890లలో కలకత్తా దగ్గర దమ్‌దమ్ ఆయుధశాలలో మొనను మెత్తగా వదిలేసిన్రు. తగలంగనే పువ్వులాగా విచ్చుకునేటట్టు. యుద్ధంలో అది అమానుషం అని 1899లో హేగ్ సమావేశం నిషేధించింది. వేటలో మాత్రం అదే మంచిదన్నరు, జంతువు గాయంతో పారిపోయి చావకుండా అక్కడే పడిపోతదని. కాల్చేటోడు ఒకడే, గుండు ఒకటే, ఎదుట ఉన్నదాన్ని బట్టి న్యాయం.

1972 వన్యప్రాణి చట్టంతో ఈ వేట కథ ముగిసింది. కవ్వాల్ 1965లో అభయారణ్యం, 2012లో టైగర్ రిజర్వు అయింది. జింకను .315తో కొట్టినా, భర్మార్‌తో కొట్టినా, కరెంటు తీగ పెట్టినా కేసు ఒక్కటే. తీగల గురించి మాత్రం తమ్ముళ్ళకు గట్టిగా చెప్తున్న, పెట్టకండి. వాటికి జింకా తెలవదు, రాత్రిపూట చేనుకు పోయే మీ కాకా తెలవదు.

మీ గూడెంలో భర్మార్ సంగతి తెలిసిన పెద్దలు ఉంటే ఒక పని చేయండి. దాని భాగాలకు గోండిలో, కోలామీలో, నాయకపోడు మాటలో ఏం పేర్లు ఉండెనో అడగండి. గొట్టానికి, దట్టించే చువ్వకు, టోపీకి, గుండుకు, మందు పెట్టుకునే బుర్రకు. ఎన్ని అడుగుల దూరం నుంచి కొట్టేవాళ్ళు, గుండు ఎవరు పోసేవాళ్ళు, గొట్టం ఏ ఊరు కమ్మరి దగ్గర చేయించేవాళ్ళు అనేది కూడా అడగండి. ఆడియో అయినా సరే, ఇక్కడ పెట్టండి. రాసే పని నేను చేస్త.